బతికి చెడ్డవాడు బాగా బతికినట్టా, కాదా?

మన భాషలో ఒక మాట ఉంది: బతికి చెడ్డ కుటుంబం. ఒకప్పుడు పొలం, పాడి, ఇంటి నిండా వచ్చేపోయే చుట్టాలు ఉండి, ఇప్పుడు ఏమీ మిగలని ఇంటి గురించి పెద్దవాళ్లు గొంతు తగ్గించి అనే మాట. విన్నప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. ఆ ఇంట్లో మనుషులు ఇంకా ఉన్నారు కదా, వాళ్ల బతుకును గతంలోకి తోసేస్తామేం? అంటే ఇక్కడ బతకడమంటే ఊపిరి తీసుకోవడం కాదన్నమాట. బాగా ఉండటం. డబ్బు, పరువు పోగానే ఆ క్రియాపదం కూడా వాళ్ల చేతుల్లోంచి జారిపోతుంది.

సరే, ఆ ఇంటాయన మంచివాడే అనుకుందాం. అబద్ధం ఆడలేదు, ఒకరి సొమ్ము తినలేదు. పంట పోయింది, ఎదిగొచ్చిన కొడుకు పోయాడు, అప్పులు మిగిలాయి. ఆయనది మంచి బతుకేనా? అవునంటే ఆయన కన్నీళ్లకు లెక్క లేనట్టు. కాదంటే, ఇంతకాలం ఆయన నిలబెట్టుకున్న మంచితనం గాలివాటానికి కొట్టుకుపోయే పొట్టు లాంటిదని ఒప్పుకున్నట్టు. ఎటు చెప్పినా గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

ప్రాచీన గ్రీకు, రోమన్ తత్వవేత్తలు శతాబ్దాల తరబడి కొట్లాడుకున్నది ఈ ప్రశ్న దగ్గరే. ప్లేటో, అరిస్టాటిల్, స్టోయిక్కులు, ఎపిక్యురస్ అంటూ విడివిడిగా చదివితే పేర్ల గందరగోళంలో తప్పిపోతాం. మంచితనం ఒక్కటీ చాలా, అదృష్టం కూడా కావాలా అన్న ప్రశ్నను పట్టుకుని నడిస్తే ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలుస్తుంది.

తత్వవేత్తల కంటే ముందు దీన్ని కథగా చెప్పినవాడు చరిత్రకారుడు హెరొడోటస్. లిడియా రాజు క్రీసస్ దగ్గరికి ఏథెన్స్ నుంచి శాసనకర్త సోలన్ వస్తాడు. రాజు తన ఖజానా అంతా తిప్పి చూపించి, నువ్వు చూసినవాళ్లలో అందరికన్నా ధన్యుడు ఎవరని అడుగుతాడు. తన పేరే వస్తుందని ఆశ. సోలన్ టెల్లస్ అనే ఏథెన్స్ పౌరుడి పేరు చెబుతాడు. మంచి కొడుకులు, మనవలందరూ బతికి ఉన్నారు, ఊరి కోసం యుద్ధంలో చనిపోయాడు, పడినచోటే ప్రజలు గౌరవంగా పూడ్చారు. క్రీసస్‌కు మండింది. సోలన్ మాత్రం, మనిషి పోయేదాకా ధన్యుడని అనకు, అప్పటిదాకా అదృష్టవంతుడని మాత్రమే అను అన్నాడట. తర్వాత క్రీసస్ కొడుకు వేటలో పొరపాటున తగిలిన ఈటెకు చనిపోయాడు, రాజ్యం పర్షియా రాజు సైరస్ చేతికి పోయింది. చితి మీద నిలబెట్టినప్పుడు క్రీసస్ మూడుసార్లు సోలన్ పేరు పిలిచాడని కథ. ఇద్దరి కాలాలు సరిగ్గా కుదరవని చరిత్రకారులు అంటారు. కుదరకపోయినా కథ నిలిచిపోయింది, దాన్ని అరిస్టాటిల్ కూడా తప్పించుకోలేకపోయాడు.

రెండు మాటల ముడి

ముందుకు వెళ్లేముందు రెండు గ్రీకు మాటల్ని విప్పాలి. సగం గందరగోళం అనువాదంలోనే పుడుతుంది.

మొదటిది అరెటే. దీన్ని సద్గుణం అంటాం. అనగానే తల వంచుకుని నడిచే, ఎవరినీ ఎదురు మాట అనని మనిషి కళ్లముందు నిలుస్తాడు. గ్రీకులకు అలా కాదు. గుర్రానికి అరెటే ఉంటుంది, కంటికి ఉంటుంది, కొమ్మలు నరికే కత్తికి ఉంటుంది. దేని పని అది చక్కగా చేయించే లక్షణమేదో అదే దాని అరెటే. మన దగ్గర దీనికి దగ్గరి వాడుక నీతి కథల్లో కన్నా మందుల విషయంలో దొరుకుతుంది. 'మందు గుణం ఇచ్చింది' అంటాం. మందు నీతిమంతురాలని మన ఉద్దేశం కాదు, చేయాల్సిన పని చేసిందని. ఆ అర్థంలో మనిషి గుణం ఏమిటన్నది గ్రీకుల ప్రశ్న. రోమన్లు దీన్ని విర్టూస్ అన్నారు. 'విర్' అంటే మగాడు, కాబట్టి ఆ మాటకు మొదట యుద్ధంలో చూపే మగటిమి అనే అర్థం. ఈ వ్యుత్పత్తిని రోమన్ వక్త, రచయిత సిసిరో స్వయంగా చెప్పాడు. ఒక సైనిక జాతి తన వీరత్వపు మాటను సాగదీసి నిజాయితీ, నిగ్రహం, న్యాయం అన్నింటికీ వాడుకుంది.

రెండోది యుడైమోనియా. విడగొడితే, మంచి దైవం తోడున్న స్థితి. సంతోషం అని అనువదిస్తే మోసపోతాం. సంతోషం సాయంత్రం వచ్చి రాత్రికి పోతుంది. యుడైమోనియా మొత్తం జీవితానికి వేసే మార్కు, ధన్యత అనుకోండి. ఒక్క పిట్ట వచ్చినంత మాత్రాన వసంతం వచ్చినట్టు కాదని అరిస్టాటిల్ అన్నది ఈ సందర్భంలోనే. ఆ మాటలోని 'దైవం' గమనించండి. పదంలోనే అదృష్టం దాక్కుని ఉంది. దాన్ని బయటికి గెంటేయడానికి తత్వవేత్తలు పడిన పాట్లే మిగతా కథంతా.

ముప్పై ఓట్ల తేడా

క్రీ.పూ. 399లో ఏథెన్స్‌లో సుమారు 500 మంది న్యాయనిర్ణేతల ముందు 70 ఏళ్ల తత్వవేత్త సోక్రటీస్ నిలబడ్డాడు. ఊరి దేవుళ్లను నమ్మడం లేదని, కుర్రాళ్లను చెడగొడుతున్నాడని ఆరోపణ. ముప్పై ఓట్లు అటుపడి ఉంటే బయటపడేవాడు. శిక్ష నువ్వే సూచించుకోమంటే, ఒలింపిక్ విజేతలకు పెట్టినట్టు నాకూ ఊరి ఖర్చుతో భోజనం పెట్టండి అన్నాడు. చివరికి మరణశిక్ష పడ్డాక ఆయన అన్న ఒక మాటే తర్వాతి తరాలను నిద్రపోనివ్వలేదు: మంచివాడికి బతికుండగా గానీ, చచ్చాక గానీ ఏ కీడూ జరగదు.

ఇది ధైర్యం చెప్పుకోవడం అనుకుంటే పొరపాటు. ఆయన నిజంగానే అంటున్నాడు. మనిషికి కీడు అంటే మనిషి చెడిపోవడం. విషం తాగిస్తే శరీరం పోతుంది, ఆయన అన్యాయస్తుడు అయిపోడు. అన్యాయం చేయడం కంటే దాన్ని భరించడమే మేలని ఆయన శిష్యుడు ప్లేటో రాసిన ఒక సంభాషణలో సోక్రటీస్ అంటే, ఎదుటివాడు పకపకా నవ్వుతాడు. నవ్వడం కూడా ఒక రకం ఖండనేనా అని సోక్రటీస్ అడుగుతాడు.

నవ్వినవాడిని ప్లేటో తేలిగ్గా తీసుకోలేదు. తన 'రిపబ్లిక్'లో సొంత అన్న గ్లాకన్ చేతనే అసలు ప్రశ్న అడిగించాడు. ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టమంటాడు గ్లాకన్. ఒకడు పరమ దుర్మార్గుడు, లోకం మాత్రం ధర్మాత్ముడని మొక్కుతుంది. ఇంకొకడు నిజంగా న్యాయవంతుడు, లోకం వాణ్ణి దొంగ అంటుంది. కొరడా దెబ్బలు, కళ్లు కాల్చడం, చివరికి కొరత వేయడం. ఇప్పుడు చెప్పండి, ఎవరి బతుకు మేలు? ప్లేటో జవాబు చాలా పొడుగు. మనసులో బుద్ధి, రోషం, కోరిక అని మూడు భాగాలున్నాయి, దేని పని అది చేస్తేనే లోపల ఆరోగ్యం, దుర్మార్గుడు లోపలి కోరికలకు బానిస. ఒకచోట అయితే మంచి రాజు నియంత కంటే 729 రెట్లు సుఖంగా బతుకుతాడని లెక్క కట్టి మరీ చెప్పించాడు. సరదాకి అన్నాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ పండితులు తేల్చుకోలేదు.

నాకు మాత్రం ఒక సందు కనిపిస్తుంది. నియంత కంటే కొరత మీద ఉన్న మంచివాడే మేలని ప్లేటో నిరూపించాడనే అనుకుందాం. రెండింట్లో ఏది మేలు అన్నదానికి అది జవాబు. కొరత మీది బతుకు మంచి బతుకేనా అని మనం అడిగింది వేరే ప్రశ్న.

ఇచ్చిన తోలుతో కుట్టిన చెప్పులు

అరిస్టాటిల్ వైద్యుడి కొడుకు. ఆ ఇంటి వాసన ఆయన నీతిశాస్త్రం నిండా ఉంటుంది. రోగిని చూడకుండా మందు రాయడు.

మంచి గుణాలు పుట్టుకతో రావు, పాఠం వింటే రావు, చేయగా చేయగా వస్తాయంటాడు. ఇళ్లు కట్టి మేస్త్రీ అవుతాం, వీణ వాయించి వైణికులం అవుతాం, అలాగే న్యాయంగా వ్యవహరించి న్యాయవంతులం అవుతాం. గ్రీకులో అలవాటు అనే మాటను కొంచెం మారిస్తేనే నీతికి సంబంధించిన మాట వచ్చిందని కూడా గుర్తుచేస్తాడు.

ప్రతి గుణం రెండు అతులకు నడుమ ఉంటుందన్న ఆయన మాట చాలామందికి తెలుసు, చాలామందికి తప్పుగానే తెలుసు. పిరికితనానికీ దూకుడుకీ నడుమ ధైర్యం, పిసినారితనానికీ దుబారాకీ నడుమ ఔదార్యం. ఇంతవరకు చదివి, అతి సర్వత్ర వర్జయేత్ అన్నదే కదా ఇది అని పుస్తకం మూసేస్తాం. కాదు. మైలో అనే మల్లయోధుడికి సరిపోయే తిండి కొత్తగా గోదాలో దిగినవాడికి ఎక్కువైపోతుందని ఆయనే ఉదాహరణ ఇచ్చాడు. పది, రెండు కలిపి సగం చేస్తే ఆరు వస్తుంది, ఆ ఆరు అందరికీ కొలత కాదు. కోపం సంగతే చూడండి. మధ్యస్థంగా కోప్పడమని ఆయన చెప్పలేదు. ఎవరి మీద, ఎందుకు, ఎప్పుడు, ఎంతసేపు కోప్పడాలో అలా కోప్పడమన్నాడు. కొన్నిసార్లు అది చాలా పెద్ద కోపమే కావచ్చు. దొంగతనం, హత్య లాంటివాటికి అసలు నడిమి కొలతే లేదు. ఎక్కడ ఎంత అన్నది పసిగట్టే తెలివికి ఆయన పెట్టిన పేరు ఫ్రొనేసిస్. మనం లౌక్యం అనకూడదు, లోకజ్ఞానం అంటే సరిపోదు. పది కాపురాలు చక్కదిద్దిన పెద్దావిడకు ఉండే వివేకం లాంటిది.

ఇక మన ప్రశ్న. గుణం ఉంటే చాలా? అరిస్టాటిల్ చాలదనే అంటాడు, అదీ మొహమాటం లేకుండా. స్నేహితులు, డబ్బు, పలుకుబడి లేకుండా చాలా మంచి పనులు చేయలేం. మరీ కురూపికి, తక్కువ పుట్టుక వాడికి, పిల్లలు లేని ఒంటరికి ధన్యత పూర్తిగా దక్కదని రాశాడు. పిల్లలు చెడ్డవాళ్లయినా, మంచి పిల్లలు పోయినా ఇంకా కష్టమన్నాడు. చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. ఆయన గీసిన వలయంలో ఆడవాళ్లు, బానిసలు, కూలిపని చేసుకునేవాళ్లు ఎలాగూ లేరు. ఆ మాటకొస్తే వాళ్ల వెట్టిచాకిరీ మీద దొరికిన తీరికతోనే ఆయన 'మంచి జీవితం' నడుస్తుంది. దీన్ని కాలం తప్పుగా కొట్టిపారేయలేం. మంచి బతుక్కి వసతులు కావాలని ఒప్పుకున్న సిద్ధాంతం, ఆ వసతులు ఎవరికి ఉన్నాయో కూడా చెప్పుకోవాల్సి వస్తుంది.

అయినా ఆయనకు ట్రాయ్ రాజు ప్రియామ్ గుర్తొస్తాడు. జీవితమంతా వైభవం, ముసలితనంలో కొడుకులు ఒక్కొక్కరే యుద్ధంలో పోయారు, కొడుకును చంపినవాడి చేతులే ముద్దుపెట్టుకుని శవాన్ని అడుక్కున్నాడు, చివరికి ఊరు కాలింది. బతికి చెడ్డవాళ్లందరిలో పెద్ద. అలా ముగిసినవాణ్ణి ధన్యుడని ఎవరూ అనరంటాడు అరిస్టాటిల్. కానీ వెంటనే ఆగి, మంచివాడు ఎన్నటికీ దౌర్భాగ్యుడు కాలేడు అంటాడు, ఎందుకంటే నీచమైన పని ఎప్పుడూ చేయడు. అప్పుడే ఒక చక్కని పోలిక వేస్తాడు: మంచి సేనాపతి ఉన్న సైన్యంతోనే యుద్ధం చేస్తాడు, మంచి చెప్పులు కుట్టేవాడు ఇచ్చిన తోలుతోనే వీలైనంత మంచి జోడు కుడతాడు. ధన్యుడూ కాదు, దౌర్భాగ్యుడూ కాదు. ఈ రెంటికీ నడుమ ప్రియామ్‌ను ఎక్కడ కూర్చోబెట్టాలో అరిస్టాటిల్ చెప్పలేదు.

వసారాలో పుట్టిన పట్టుదల

సైప్రస్ నుంచి వచ్చిన జీనో వర్తకుడు. ఓడ మునిగి సరుకంతా పోయింది. ఏథెన్స్ చేరి ఒక పుస్తకాల అంగట్లో కూర్చున్నప్పుడు సోక్రటీస్ గురించిన చదువు చెవినపడి, ఇలాంటి మనుషులు ఎక్కడ దొరుకుతారని అడిగాడట. అప్పుడే అటుగా క్రేటీస్ అనే దిగంబర వైరాగి లాంటి సినిక్ (ఆస్తి, పరువు వదిలేసి బతికే తత్వవేత్త) వెళ్తుంటే, అదిగో అతని వెంట వెళ్లమన్నాడు అంగడివాడు. క్రీ.పూ. 300 ప్రాంతంలో జీనో బజారు పక్కనున్న బొమ్మల వసారాలో పాఠాలు మొదలుపెట్టాడు. వసారాను గ్రీకులో స్టోవా అంటారు. స్టోయిక్కులంటే వసారా వాళ్లు, అంతే.

సరుకు పోగొట్టుకున్నవాడు పెట్టిన బడి కదా, సోక్రటీస్ మాటను చివరిదాకా లాక్కెళ్లింది. మంచిది అనదగ్గది గుణం ఒక్కటే. చెడ్డది అనదగ్గది దుర్గుణం ఒక్కటే. ఆరోగ్యం, డబ్బు, పరువు, ప్రాణం, కన్నపిల్లలు కూడా ఈ రెంటిలో దేనికీ చెందవు. మరి ఆరోగ్యం, జబ్బు రెండూ ఒకటేనా? కాదు, ఆరోగ్యం ఎంచుకోదగ్గది, జబ్బు తప్పించుకోదగ్గది అంటారు. ఎంచుకోదగ్గదే కానీ మంచిది కాదట. ఇది మాటల గారడీ అని ఆ కాలంలోనే చాలామంది ఎగతాళి చేశారు.

విలుకాడి ఉదాహరణ చూస్తే కొంత అర్థమవుతుంది. విలుకాడు గురి తప్పకుండా కొట్టడానికి చేయగలిగిందంతా చేస్తాడు. బాణం వదిలాక గాలి వీస్తే గురి తప్పవచ్చు. అతని పని గొప్పగా వేయడం, తగలడం అతని చేతిలో లేదు. ఒక డాక్టర్ సంగతి అనుకోండి. రాత్రంతా కూర్చుని, తెలిసినదంతా వాడి వైద్యం చేసింది, తెల్లారేసరికి రోగి పోయాడు. ఆమె చెడ్డ వైద్యురాలని ఎవరూ అనరు. స్టోయిక్కులు జీవితం మొత్తాన్ని అలా చూడమంటారు. ఆరోగ్యం, సంసారం, ఉద్యోగం అన్నీ గురి. వాటికోసం సరిగ్గా ప్రయత్నించడమే బతుకు.

సిద్ధాంతానికి ఒంటినొప్పి పరీక్ష పెట్టింది. జీనో శిష్యుడు డయొనీసియస్‌కు భరించలేని కంటిబాధ వచ్చింది. నొప్పి చెడ్డది కాదని ఇక అనలేనని బడి మానేశాడు. పార్టీ ఫిరాయించినవాడు అనే అర్థమిచ్చే పేరు అతని మెడకు జన్మంతా వేలాడింది. రెండు వందల ఏళ్ల తర్వాత రోమన్ సేనాని పాంపే, రోడ్స్ దీవిలో పొసిడోనియస్ అనే పెద్ద స్టోయిక్‌ను చూడ్డానికి వెళ్లాడు. కీళ్లవాతంతో మంచం మీదున్న ఆయన, గుణం తప్ప మంచిది వేరే లేదని ఉపన్యాసం మొదలుపెట్టి, నొప్పి పొడిచినప్పుడల్లా దానితోనే మాట్లాడాడట: నీ వల్ల ఏమీ కాదు, ఎంత వేధించినా నిన్ను చెడ్డదని ఒప్పుకోను. ఇందులో నాకు గెలుపు ఎంత కనిపిస్తుందో మొండితనమూ అంతే కనిపిస్తుంది. డయొనీసియస్ మీద చిన్నచూపు మాత్రం రావడం లేదు.

ఈ మధ్య రీల్స్ నిండా స్టోయిక్ కొటేషన్లే. పాలరాతి విగ్రహం బొమ్మ, కింద ఏదీ పట్టించుకోకు అన్న అర్థంలో ఓ వాక్యం. ఆ బొమ్మకూ అసలు వాళ్లకూ దూరం ఎంతో తెలియాలంటే రోమన్ రచయిత ఆలస్ గెల్లియస్ చెప్పిన ఓడ కథ వినాలి. తుఫానులో ఓడ ఊగిపోతుంటే పేరున్న ఓ స్టోయిక్ గురువు ముఖం పాలిపోయింది. గండం గడిచాక ఇదేమిటని గెల్లియస్ అడిగితే, ఆయన సంచిలోంచి ఎపిక్టెటస్ అనే మరో స్టోయిక్ పుస్తకం తీసి చూపించాడు. ఉలిక్కిపడటం, రంగు మారడం ఒంటి పని, అది జ్ఞానికైనా తప్పదు. ఇది ఘోరం అని మనసు ఆ భయానికి సంతకం పెడుతుందా లేదా అన్నదే మన చేతిలో ఉంది. టెన్షన్ రాకూడదని కాదు, వచ్చిన టెన్షన్ చెప్పిందల్లా నిజమని నమ్మకూడదని.

చిన్న కుండలో జున్ను

ఎపిక్యురస్ కథ వేరు. సుఖమే పరమార్థం అన్నాడు కాబట్టి ఆయన పేరు తిండిపోతులకు అంటుకుంది. నిజానికి ఏథెన్స్‌లో ఆయన తోటలో మామూలు తిండి రొట్టె, నీళ్లు. విందు చేసుకోవాలనిపించినప్పుడు చేసుకుంటాను, ఓ చిన్న కుండలో జున్ను పంపమని స్నేహితుడికి రాశాడు. ఆయనకు సుఖమంటే నొప్పి లేని ఒళ్లు, అలజడి లేని మనసు. కోరికల్లో తీరక తప్పనివి కొన్ని, తీరకపోయినా నష్టం లేనివి కొన్ని, తీరడమనేదే లేని ఉత్తుత్తివి కొన్ని, పేరు ప్రతిష్ఠల్లాగా. మొదటి రకానికి పెద్దగా అదృష్టం అక్కర్లేదు, కాబట్టి ఆయన దారిలోనూ విధి చెయ్యి చిన్నదైపోతుంది. అరిస్టాటిల్ వలయంలో చోటు దొరకని ఆడవాళ్లు, బానిసలు ఆ తోటలో కూర్చున్నారు.

గుణం మాత్రం ఇక్కడ రాణి కాదు, పనిమనిషి. న్యాయంగా ఉంటే పట్టుబడతామన్న భయం ఉండదు, నిద్ర పడుతుంది, అందుకని న్యాయంగా ఉండాలి. స్టోయిక్కులకు ఒళ్లు మండింది ఇక్కడే. అయితే చనిపోయిన రోజున ఎపిక్యురస్ రాసిన ఉత్తరం వాళ్ల నోళ్లు కూడా మూయిస్తుంది. మూత్రం ఆగిపోయి, కడుపులో నొప్పి ఇంతకంటే పెరగలేనంత ఉందని చెబుతూనే, మన కబుర్లు గుర్తుచేసుకుంటున్న ఆనందం దానికి ఎదురు నిలుస్తోందని, ఇది తన ధన్యమైన రోజని రాశాడు. ఆ వెంటనే, ఫలానా స్నేహితుడి పిల్లల్ని కాస్త చూసుకోమని అడిగాడు. సుఖం కోసమే బతికినవాడి ఆఖరి విన్నపం అది.

తక్కెడ రోమ్‌కు చేరింది

అరిస్టాటిల్ తర్వాత ఆయన బడి నడిపిన థియోఫ్రాస్టస్ గురువు కంటే ఒక అడుగు ముందుకేశాడు. చిత్రహింసల చక్రం మీదికి ధన్యత ఎక్కలేదన్నాడు. బతుకును నడిపేది తెలివి కాదు, విధి అన్న వాక్యాన్ని మెచ్చుకున్నాడు. ఇంత బలహీనమైన మాట తత్వవేత్త నోట రాకూడదని అందరూ విరుచుకుపడ్డారు. అదే బడికి చెందిన క్రిటొలాస్ తక్కెడ తెచ్చాడు. ఒక పళ్లెంలో మనిషి గుణాన్ని వేసి, ఇంకోదానిలో ఒంటి సుఖాలు, ఆస్తిపాస్తులు, కావాలంటే భూమిని, సముద్రాన్ని కూడా వేయండి, గుణం ఉన్న వైపే మొగ్గుతుందన్నాడు. ఈయన క్రీ.పూ. 155లో ఏథెన్స్ రాయబారిగా ఇంకో ఇద్దరు తత్వవేత్తలతో కలిసి రోమ్ వెళ్లాడు. వాళ్లలో కార్నియడీస్ ఒకరోజు న్యాయాన్ని పొగిడి, మర్నాడు అదే న్యాయాన్ని తుత్తునియలు చేసి మాట్లాడితే కుర్రకారు వెర్రెత్తిపోయింది. రోమన్ నాయకుడు ముసలి కాటో, వీళ్ల పని త్వరగా చూసి ఇంటికి పంపించేయండని సెనేట్‌ను తొందరపెట్టాడు.

తక్కెడలో ఒక చిక్కుంది. గుణం వైపు మొగ్గినా, రెండో పళ్లెం ఖాళీ కాదు కదా. దీన్ని సర్దడానికి సిసిరో గురువుల్లో ఒకరైన ఆంటియొకస్, గుణం ఉంటే ధన్యుడే, మిగతావీ ఉంటే మరీ ధన్యుడు అన్నాడు. వినడానికి బాగుంది. సిసిరో లాయరు, ఊరుకుంటాడా? నొప్పి, బిడ్డ చావు నిజంగా చెడ్డవైతే, అవి ఓ మోస్తరు పోగుపడ్డాక ధన్యత విరిగి తీరాలి. విరగదంటే అవి చెడ్డవి కావని స్టోయిక్కుల్లా తెగించి చెప్పాలి. మధ్యలో ఎలా నిలబడతారు? మొత్తం చర్చలో నాకు అన్నిటికంటే పదునుగా కనిపించే ప్రశ్న ఇదే. స్టోయిక్కులది తర్కానికి నిలుస్తుంది, గుండెకు ఎక్కదు. అరిస్టాటిల్ వాళ్లది గుండెకు ఎక్కుతుంది, తర్కంలో చిల్లు పడుతుంది.

సిసిరోకు ఇది కోర్టు వాదనగా మిగల్లేదు. క్రీ.పూ. 45 ఫిబ్రవరిలో ఆయన కూతురు టుల్లియా ప్రసవం తర్వాత చనిపోయింది. దుఃఖం గురించి ఎవరెవరు ఏం రాశారో అన్నీ చదివానని, తనకు తానే ఓదార్పు పుస్తకం కూడా రాసుకున్నానని, అయినా దుఃఖమే గెలుస్తోందని స్నేహితుడు అట్టికస్‌కు ఉత్తరాలు రాశాడు. ఆ ఏడాదే, మంచి బతుక్కి గుణం ఒక్కటే చాలని వాదించే పుస్తకం రాశాడు. దాని మొదట్లోనే ఒప్పుకుంటాడు: విధి నన్ను కొట్టిన దెబ్బలు తలుచుకుంటే ఈ మాట మీద నమ్మకం సడలుతోంది, మనిషి బలహీనత చూసి భయమేస్తోంది. మళ్లీ సర్దుకుని, గుణం బలాన్ని నా మెత్తదనంతో కొలుస్తున్నానేమో అంటాడు. ఇన్ని వాదాల మధ్య నాకు నమ్మబుద్ధయ్యే గొంతు ఇదొక్కటే. మూడేళ్లు తిరక్కుండా రాజకీయ శత్రువు ఆంటొనీ మనుషులు ఆయన తల నరికారు.

ఆ తర్వాతి శతాబ్దాల్లో వసారా వాళ్ల మాటకు ముగ్గురు విచిత్రమైన వారసులు దొరికారు. సెనెకా నీరో చక్రవర్తికి గురువు, లెక్కలేనంత ఆస్తి. పేదరికానికి భయపడొద్దని రాస్తూ ఇంత ఎలా వెనకేశావని ఆయన్ని బతికుండగానే నిలదీశారు. జ్ఞాని డబ్బును ప్రేమించడు, ఇంట్లోకి రానిస్తాడు, మనసులోకి రానివ్వడు అన్నది ఆయన జవాబు. అంత తేలిగ్గా నమ్మలేం. క్రీ.శ. 65లో చచ్చిపొమ్మని నీరో కబురు పంపితే నరాలు కోసుకుని ఆ పని నిబ్బరంగా చేశాడన్నదీ కాదనలేం. ఎపిక్టెటస్ బానిసగా పుట్టాడు. మన చేతిలో ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని అని మొదలయ్యే ఆయన బోధలో, తన సొంత శరీరం కూడా లేనివాటి జాబితాలోనే ఉంటుంది. పుట్టుకతో ఇంకొకరి ఆస్తి అయినవాడికి ఆ వాక్యం వేదాంతం కాకముందే అనుభవం.

మూడోవాడు చక్రవర్తి. మార్కస్ అరేలియస్ 161లో గద్దెనెక్కాడు. ఎపిక్టెటస్ పాఠాలు బాగా చదివినవాడు. సరిహద్దు యుద్ధాలు, రాజ్యమంతా మహమ్మారి, వీటి నడుమ తనకోసం తాను గ్రీకులో రాసుకున్న కాగితాలు మనకు మిగిలాయి. ఆయనకూ భార్య ఫాస్టినాకూ పదిమందికి పైగా పిల్లలు పుట్టారు, ఎక్కువమంది చిన్నతనంలోనే పోయారు. పాత గురువు ఫ్రాంటోకు రాసిన ఉత్తరాల్లో చూస్తే మామూలు తండ్రే కనిపిస్తాడు. పాపకు జ్వరం, దగ్గు, ఇవాళ కాస్త నయం, ఇలాంటి కబుర్లు.

సొంత కాగితాల్లో ఒకచోట ఎపిక్టెటస్ మాటను రాసుకున్నాడు. బిడ్డను ముద్దు పెట్టుకునేటప్పుడు, రేపు నువ్వు పోతావేమో అని లోలోపల అనుకోవాలట. వెంటనే ఎవరో అడ్డుకున్నట్టు ఒక గొంతు వస్తుంది. మన ఇళ్లలో అయితే, అవేం పాడు మాటలు, నోరు కడుక్కో అని నాయనమ్మ కసిరే గొంతు. అశుభం పలకకు అంటుంది. దానికి జవాబు కూడా అక్కడే ఉంది: ప్రకృతి చేసే పనిని చెప్పే మాట ఏదీ అశుభం కాదు, అలాగైతే పండిన కంకులు కోశారనడం కూడా అశుభమే అవ్వాలి.

పండిన కంకులు అన్నాడు. పోయింది పసిపిల్లలు.